లస్కరు గారి గిటారు వంతులు

కోటేశ్వరరావు అబద్ధమాడి ఇంటికి తెచ్చుకున్న వస్తువు జన్మకంతా ఒక్కటే. అది గిటారు.

అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్లు. పూర్తి పేరు రామకోటేశ్వరరావు. ఇరిగేషన్ శాఖలో లస్కరు. పొద్దున్నే కాలవలో నీటిమట్టం ఎంతుందో చూసి రిజిస్టర్లో రాయడం, తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు ఎక్కడైనా జారుతోందేమోనని సైకిలు మీద తిరిగి చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఉయ్యూరుకూ పామర్రుకూ మధ్య, కాలవకు అడ్డంగా నీళ్లు ఆపే ఒక లాకు పక్కన రెండు గదుల క్వార్టర్సులో కాపురం. భార్య నాగమల్లేశ్వరి. ఒక్కతే కూతురు అక్షయ, విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకునేది.

ఆ రోజు షట్టర్ల గొలుసులకు గ్రీజు, తాళ్లు తేవడానికి విజయవాడ వన్ టౌన్ వెళ్లాడు. తోపుడుబండ్ల మధ్య ఇరుక్కుని ఆటో కదలకపోయేసరికి దిగి నడక మొదలెట్టాడు. ఒక సందు మలుపులో హార్మోనియంలు, డోలక్‌లు అమ్మే పాత కొట్టు ఉంది. గుమ్మానికి వేలాడుతున్న గిటారును కొట్టతను ఎవరికో చూపిస్తూ, యథాలాపంగా బొటనవేలితో పైనుంచి కిందికి ఒక్కసారి మీటాడు. ఆరు తీగలూ కలిసి మోగాయి. కోటేశ్వరరావు గ్రీజు డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఎందుకు నిలబడ్డాడో ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేడు. "ఏదో అయిందండీ, అంతే" అంటాడు.

గోనెగుడ్డ చుట్టి దాన్ని ఇంటికి తెచ్చాడు. "ఇదేంటండీ?" అని అడిగింది నాగమల్లేశ్వరి.

"మా అక్క కొడుక్కి. తెచ్చిపెట్టమన్నాడు. వచ్చి పట్టుకెళ్తాడులే."

గిటారు మంచం కిందికి వెళ్లింది. నాగమల్లేశ్వరి సాయంత్రం డ్వాక్రా మీటింగుకు వెళ్లగానే బయటికి వచ్చేది, ఆవిడ అడుగుల చప్పుడు వినబడగానే మళ్లీ లోపలికి పోయేది. ఇలా మూడు వారాలు గడిచాక ఒకరోజు ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మీ మేనల్లుడు ఎప్పుడొస్తాడండీ?"

"వస్తాడు. పనుల్లో ఉన్నట్టున్నాడు."

"వచ్చేదాకా మీరు బయటే పెట్టుకుని వాయించుకోండి. మీటింగు వారానికొక్కసారే. మీ కోసమని రోజూ ఎవరింటికో ఒకరింటికి పోయి కూర్చోలేక చస్తన్నాను. సంపూర్ణమ్మత్త అయితే, నీకూ మీ ఆయనకీ ఏమన్నా తేడాలొచ్చినయ్యా అని అడిగేసింది నిన్న."

కోటేశ్వరరావుకు అన్నం గొంతులో అడ్డం పడింది. ఆవిడ నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. ఆ ఇంట్లో గిటారు గురించి జరిగిన పెద్ద గొడవ అదే.

తర్వాత నాలుగేళ్లు ఆయనకు గురువు ఫోనే. ఒక వీడియోలో ఒకాయన ఈ వేలు ఇక్కడ పెట్టమంటాడు, ఇంకో వీడియోలో ఇంకొకాయన అలా పెడితే మణికట్టు పాడైపోతుందంటాడు. పది రోజుల్లో పాట అని ఒకరు, అయిదు తప్పులు అని మరొకరు. కోటేశ్వరరావు అందరి మాటా విన్నాడు. ఎడమచేతి వేళ్ల కొసలు మొదట వాచాయి, తర్వాత బొబ్బలు కట్టాయి, చివరికి చెప్పుల అడుగుల్లా గట్టిపడ్డాయి. మూడు నాలుగు తీగలు నొక్కిపట్టి అన్నింటినీ ఒకేసారి పలికించడాన్ని కార్డ్ అంటారని తెలుసుకున్నాడు. అలాంటివి అయిదారు పట్టుబడ్డాయి. సినిమా పాటల ఎత్తుగడలు చేతికి వచ్చాయి. ఒక్కో ఎత్తుగడా వచ్చినప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోయేది. నాలుగు రోజులు అదే వాయించేవాడు. తర్వాత పాట మధ్యలో ఎక్కడో చెయ్యి అడ్డం తిరిగేది. అప్పుడు ఇంకో పాట మొదలెట్టేవాడు.

"మీరు వాయించే పాటలన్నిటికీ మొదలే గానీ చివర ఉండదేంటండీ?" అని ఒకసారి అడిగింది నాగమల్లేశ్వరి, ఎగతాళిగా కాదు, నిజంగానే తెలియక.

"నేర్చుకుంటున్నానుగా. వస్తయ్."

చెయ్యి అడ్డం తిరిగే చోటు పేరు ఎఫ్ కార్డ్. చూపుడువేలిని మొదటి మెట్టు మీద అడ్డంగా పరిచి, తీగలన్నింటినీ ఆ ఒక్క వేలితోనే నొక్కాలి, మిగతా మూడు వేళ్లూ వేరే చోట్ల పెట్టాలి. సొంతంగా నేర్చుకునే వాళ్లలో సగం మంది అక్కడే గిటారు మూలన పడేస్తారు. కోటేశ్వరరావు పడెయ్యలేదు. దాని పక్కనుంచి తప్పుకుని తిరిగాడు, నాలుగేళ్లూ.

ఆ సంగతి పదిమందిలో బయటపడింది. వాళ్ల సెక్షన్ ఆఫీసరు రిటైరైతే గెస్టుహౌసు ఆవరణలో షామియానా వేసి సన్మానం పెట్టారు. శాలువాలు కప్పడం అయ్యాక ఎవరో, "మన కోటేశ్వరరావు గారు గిటారు వాయిస్తారంట, ఓ పాట వినిపించాల్సిందే" అన్నారు. ఆయన వద్దు వద్దంటూనే స్టేజి ఎక్కాడు. లోపల సంతోషంగానే ఉంది. ఆఫీసరు గారికి ఇష్టమైన పాట ఎత్తుకున్నాడు. ఎత్తుగడ చక్కగా పలికింది. మాట్లాడుకుంటున్న వాళ్లు ఆగి ఇటు తిరిగారు. రెండో చరణంలో ఎఫ్ వచ్చింది. వేలు పరిచాడు. తీగలు పలకలేదు, టప్ టప్‌మని చచ్చిన చప్పుడు వచ్చింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే. మూడోసారి కూడా ఎత్తుకోబోతుంటే వెనకనుంచి ఎవరో దయతలచి చప్పట్లు కొట్టారు. అందరూ అందుకున్నారు. ఆఫీసరు గారే లేచి వచ్చి భుజం తట్టి, "బాగుంది, చాలా బాగుంది" అంటూ కుర్చీ దాకా తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

ఎవరన్నా నవ్వి ఉంటే ఆయన తట్టుకునేవాడు. ఒక్కరూ నవ్వలేదు. మోపెడ్ మీద ఇద్దరూ ఇంటికి బయలుదేరారు. వెనక నాగమల్లేశ్వరి గిటారును ఒళ్లో పసిబిడ్డలా పట్టుకుని కూర్చుంది. ఇంటికి రాగానే ఆయన దాన్ని అటక మీద పెట్టాడు. ఎనిమిది నెలలు అది దిగలేదు.

ఎనిమిది నెలల తర్వాత మిక్సీ కాలిపోయింది. దాన్ని సంచిలో పెట్టుకుని పామర్రు సెంటర్లో అంతోని కొట్టుకు వెళ్లాడు. అంతోనికి ముప్పై అయిదేళ్లుంటాయి. కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి ఇస్తాడు. ఆదివారం ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు. కొట్టు గోడకు గిటారు వేలాడుతోంది. కోటేశ్వరరావు దానికేసి చూసి చూపు తిప్పుకున్నాడు. అంతోని అది కనిపెట్టాడు.

"వాయిస్తారాండీ?"

"వాయించేవాణ్ని. మన వల్ల కాదులే అని వదిలేశా."

"రోజుకెంతసేపు కూర్చునేవారు?"

"గంట. ఒక్కోరోజు గంటన్నర. నాలుగేళ్లండీ."

అంతోని తీగ చుట్టడం ఆపలేదు. చుట్ల లెక్క తప్పకుండా పెదాలు కదుపుతూనే, కాసేపటికి అడిగాడు.

"ఆ గంటలో ఏం చేసేవారు?"

కోటేశ్వరరావు గుర్తు చేసుకోబోయాడు. ఏం చేసేవాడు? వాయించేవాడు. ఏం వాయించేవాడు? ఇరవై మూడేళ్లుగా కాలవలో నీళ్లు ఏ రోజు ఏ మట్టంలో ఉన్నాయో రిజిస్టరు చూసి చెప్పగల మనిషి, తను నాలుగేళ్లపాటు రోజూ కూర్చున్న ఆ గంటలో ఏం జరిగిందో చెప్పలేకపోయాడు. మిక్సీ సంగతి మర్చిపోయి ఇంటికొచ్చి అటక ఎక్కాడు. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. మర్నాడు కొత్త తీగలు తెప్పించాడు.

ఆ వారం కొత్తగా ఏమీ నేర్చుకోదలచుకోలేదు. ఎప్పటిలాగే రోజూ గంట కూర్చున్నాడు. కాకపోతే పక్కన ఒక నోటుపుస్తకం, చేతి గడియారం పెట్టుకుని, ఏది ఎన్ని నిమిషాలు చేశాడో రాసుకున్నాడు. ఏడో రోజు కూడితే నాలుగొందల ఇరవై నిమిషాలు. తీగల శ్రుతి సవరించుకోవడం, వీడియోలు చూడటం నూట యాభై. బాగా వచ్చిన ఎత్తుగడలే మళ్లీ మళ్లీ వాయించుకోవడం రెండొందల పదిహేను. ఏదో తోచింది గీకడం నలభై. ఎఫ్ కార్డ్ మీద పెట్టింది, వారం మొత్తానికి, పదిహేను.

ఆ కాయితం పట్టుకుని వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు.

"చూశావా మల్లీ! రోజుకి రెండు నిమిషాలు. రానిదానికి రోజుకి రెండు నిమిషాలు పెట్టి, రాలేదు రాలేదని ఏడ్చాను."

నాగమల్లేశ్వరి దోసకాయ చేదు చూస్తోంది. ఆవిడ పుట్టిల్లు కృత్తివెన్ను వైపు, కాలవ చిట్టచివర. నీళ్లు మొదటి ఊళ్లకు పారి, పారి, అక్కడికి వచ్చేసరికి కాలవలో బురదే మిగిలేది.

"మా నాన్న నారుమడి ఒడ్డున కూర్చుని కాలవకేసి చూస్తానే ఉండేవాడు" అంది. "పైవాళ్లంతా తడుపుకున్నాక మిగిలితే మాకు. ఎప్పుడు మిగిలింది గనక? మీ నిమిషాలూ అట్టాగే ఉన్నయ్, పైన మడులు మునిగిపోతన్నయ్, కింద నెర్రెలిచ్చింది." మరో ముక్క నోట్లో వేసుకుని చూసి, బాగుందన్నట్టు తలాడించి అడిగింది. "నీళ్లు చాలనప్పుడు మీరేం చేస్తారు?"

"వంతులేస్తాం."

"ముందు వంతు ఎవరికి?"

"శివారుకి. చిట్టచివరి చేలకి" అన్నాడు కోటేశ్వరరావు. ఉద్యోగంలో వెయ్యిసార్లు అన్న మాటే. ఆ రోజు మాత్రం అంటూనే, చేతిలోని కాయితంలో ఆ పదిహేను నిమిషాల మీద వేలు పెట్టాడు.

లేచి, అట్ట మీద తెల్లకాయితం అంటించి పట్టిక గీశాడు. ఉత్సాహం కట్టలు తెంచుకుంది. రోజుకి రెండు గంటలు, ఎనిమిది గడులు, ఎర్రసిరా, నీలంసిరా. మూడు రోజులు అక్షరాలా నడిచింది. నాలుగో రోజు ఎగువన గట్టుకు బుంగ పడింది. ఇసుక బస్తాలు వేయించడం, కాపలా, అధికారుల జీపులు. మూడు రోజులు గిటారు ముట్టుకోలేదు. తప్పిన ఆరు గంటలూ ఎలా పూడ్చాలా అని పట్టిక ముందు కూర్చుని చూస్తే, ఖాళీ గడులు ఆయన్ని తిడుతున్నట్టున్నాయి. చించేశాడు.

చించేశాక అర్థమైంది. ఇంత పట్టిక సెలవుల్లో ఉన్నవాడికి పనికొస్తుందేమో గానీ ఉద్యోగం చేసుకునేవాడికి కాదు. రెండోసారి సగం కాయితం మీద, పెన్సిలుతో రాశాడు. రోజుకి నలభై నిమిషాలు, పొద్దున్న నీటిమట్టం రాసి వచ్చాక. శ్రుతికి మూడు నిమిషాలు, అంతకు మించి ఒక్క నిమిషం వద్దు. ఆ తర్వాత పది నిమిషాలు రానిదానికి, చెయ్యి అలవక ముందే. తర్వాత పది కుడిచేతికి, ఎడమచేత్తో తీగలు ఊరికే మూసిపట్టి, మీటడం ఒక్కటే. ఇంకో పది ఒకే ఒక్క పాటకి, అదీ చివరి లైను నుంచి వెనక్కి. ఆఖరి ఏడు నిమిషాలు ఇష్టమొచ్చింది వాయించుకోవచ్చు, ఎవరూ అడగరు. వీడియోలు ఆదివారమే, ఒక్కటే. బొత్తిగా తీరిక దొరకని రోజున రానిదానికి ఆ పది నిమిషాలు చాలు. అసలే కుదరకపోతే ఆ రోజు పోయినట్టే. మర్నాటికి కలపకూడదు.

"ఆరని చేలో రెండు వంతుల నీళ్లు ఒకేసారి పెడితే చేను మునుగుద్ది" అని నాగమల్లేశ్వరికి వివరించాడు.

"నాకెందుకు చెప్తారు, నేనేమన్నా వాయిస్తన్నానా?" అంది ఆవిడ.

అక్షయ సెలవులకు వచ్చినప్పుడు టిక్ టిక్‌మని సమానంగా కొట్టే యాప్ ఒకటి ఆయన ఫోన్లో వేసిపెట్టింది. దాన్ని బాగా నెమ్మదిగా పెట్టుకుని, పక్క కార్డ్ నుంచి ఎఫ్‌కి, ఎఫ్ నుంచి వెనక్కి. ఒక్క నిమిషంలో శుభ్రంగా ఎన్నిసార్లు మారగలిగాడో రాసుకునేవాడు. మొదటి రోజు నాలుగు. వారం చివరికి ఏడు. ఆ తర్వాత పదిహేను రోజులు ఏడు, ఎనిమిది, ఏడు, ఆరు, ఎనిమిది. ఇక ఇంతే అనుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున ఎందుకో మోచెయ్యి కాస్త ఒంటికి దగ్గరగా జరిపి పట్టుకున్నాడు. పదకొండు వచ్చింది. నమ్మకం కలగక మళ్లీ చూస్తే పన్నెండు. కొట్టం దగ్గర పేడ ఎత్తుతున్న పక్కింటి రత్తయ్యను కేకేసి చెప్పాడు.

"పన్నెండండీ రత్తయ్య గారూ!"

"అప్పుడేనా? ఇంకా ఏడన్నా కాలేదే!" అన్నాడు రత్తయ్య, ఎండకేసి చూసి.

పాటను చివరినుంచి పట్టడం వల్ల ఇంట్లో కొత్త చిక్కు వచ్చింది. నెలరోజులపాటు నాగమల్లేశ్వరి చెవుల్లో ఆఖరి రెండు లైన్లే తిరిగాయి. "ఇదివరకు చివర ఉండేది కాదు, ఇప్పుడు మొదలు లేదు. ఎప్పటికన్నా మొత్తం పాట వింటానంటారా?" అని నవ్వింది. కానీ కోటేశ్వరరావుకు ఆ పద్ధతి లోపలి రుచి తెలుస్తోంది. ఇదివరకు వాయించే కొద్దీ తెలియని చోటికి వెళ్తున్నట్టు ఉండేది. ఇప్పుడు ఎక్కడ ఎత్తుకున్నా ముందున్నదంతా తెలిసిన దారే. ఇంటికి వస్తున్నట్టు ఉండేది.

పదకొండో వారం, ఒక ఆదివారం పొద్దున. ఆవిడ వసారాలో కూర్చుని గోంగూర ఆకు వలుస్తోంది. ఆయన మెట్టు మీద కూర్చుని మొదలెట్టాడు. ఎఫ్ వచ్చింది, ఒక తీగ కాస్త గరగరలాడింది, ఆగలేదు. రెండో చరణం, మళ్లీ పల్లవి, ఆఖరి లైను. చెయ్యి తీశాడు. మోత కాసేపు నిలిచి సద్దుమణిగింది. ఆవిడ ఆకు వలుస్తూనే ఉంది. ఆ నిశ్శబ్దానికి కాసేపటికి తలెత్తింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"మొత్తం?"

"మొత్తం."

ఆవిడ ఒళ్లోని కాడలు దులుపుకుని, చేతులు చెంగుకు తుడుచుకుని, సరిగ్గా కూర్చుంది. "నేను సరిగ్గా వినలేదండీ. మళ్లీ వాయించండి, ఈసారి పని ఆపి వింటాను."

ఆవిడ అలా కళ్లార్పకుండా చూస్తూ కూర్చునేసరికి ఆయన రెండుచోట్ల తప్పాడు. అయినా చివరిదాకా వెళ్లాడు. ఆ పూట గోంగూర పచ్చడి ఆలస్యమైంది.

ఈ సంగతి అక్కడితో ఆగేది, ఉయ్యూరులో బ్యాంకు వేలిముద్ర యంత్రం ఆయన ఎడమచేతి చూపుడువేలిని ఒప్పుకుని ఉంటే. మూడుసార్లు పెట్టినా ఎర్రదీపమే. కౌంటరు అవతల కూర్చున్న అమ్మాయి వేలు చూపించమంది. చూసి, నవ్వి, తన ఎడమచెయ్యి అద్దం మీద ఆనించింది. నాలుగు వేళ్ల కొసల మీదా అవే గట్టి కాయలు.

"గిటారా అంకుల్?"

కోటేశ్వరరావు చుట్టూ చూసి, దొంగతనం ఒప్పుకున్నట్టు తలూపాడు.

ఆ అమ్మాయి పేరు సాయిశ్రీ. ఉద్యోగం కోసం ఉయ్యూరులో గది తీసుకుని ఉంటోంది. రెండేళ్లుగా తనూ ఫోను చూసే నేర్చుకుంటోంది. కుడిచేతి వేలు పెట్టి పని ముగించుకున్నాక ఆయన తన సగం కాయితం సంగతి చెప్పాడు. "నాకొకటి ఇవ్వండి అంకుల్, ప్లీజ్" అంది. మర్నాడే జిరాక్సు తీయించి తీసుకెళ్లి ఇచ్చాడు. తను కష్టపడి కనిపెట్టిన మందు ఇంకొకరికి ఇస్తున్నంత గర్వంగా ఉంది ఆ రోజు.

మూడు వారాల తర్వాత సాయిశ్రీ స్కూటీ మీద లాకు దగ్గరికి వచ్చింది. వీపున గిటారు, మొహం చిన్నబోయి ఉంది.

"మీ కాయితం నాకు పని చెయ్యలేదంకుల్. రోజూ మీరు రాసినట్టే చేశాను. ఎఫ్ కార్డ్ నాకు ఎప్పుడో వచ్చు. ఇరవై ఒక్క రోజులు వచ్చిందే చేసుకుంటూ కూర్చున్నాను."

"ఓ పాట వాయించమ్మా" అన్నాడు.

వాయించింది. వేళ్లు నీళ్లలా కదిలాయి. ఆయనకు అసూయ కూడా కలిగింది. అయితే మెల్లగా మొదలైన పాట పోను పోను పరుగు అందుకుని, చివరికి బ్రేకు పడని బస్సులా ముగిసింది. ఆయనకు ఎలా చెప్పాలో తోచలేదు. ఫోన్లో టిక్ టిక్ పెట్టి ముందుంచాడు. "దీంతో పాటు ఓసారి."

ఎనిమిది దెబ్బలు దాటేసరికి సాయిశ్రీ ముందుకు పోయింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ పోయింది. నాలుగోసారి గిటారు పక్కన పెట్టేసింది. కళ్లలో నీళ్లు.

"రెండేళ్లుగా బాగా వాయిస్తున్నాననుకుంటున్నాను. ఎవరూ చెప్పలేదు."

"ఎవరు చెప్తారమ్మా? గదిలో ఒక్కదానివే ఉంటివి" అంది నాగమల్లేశ్వరి, మజ్జిగ గ్లాసు అందిస్తూ. "ఈయనకి నేనన్నా ఉన్నాను."

కోటేశ్వరరావు ఫోన్లో టిక్ టిక్ ఆపాడు.

"తప్పు నాదమ్మా" అన్నాడు. "నా చేను ఎక్కడ ఎండిందో చూసుకుని, నీ చేలో అక్కడే నీళ్లు పెట్టమన్నాను. నీది నువ్వు చూసుకోవాల్సింది. నేనూ వారం రోజులు రాసుకున్నాకేగా నాకు తెలిసింది! ఆ సంగతి నీకు చెప్పనేలేదు."

ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని కాయితం మార్చారు. మొదటి వారం గడులన్నీ ఖాళీ. ఆ వారం మామూలుగా వాయించుకుంటూ, ఏది ఎంతసేపు చేశారో రాయడమే పని. ఒక పాట ఫోన్లో రికార్డు చేసుకోవాలి, వెంటనే వినకూడదు, ఒక రోజు ఆగి వినాలి. వాయించిన వేడిలో మన తప్పు మనకు వినబడదని సాయిశ్రీ పట్టుబట్టి రాయించింది. రెండో వారం నుంచి వంతులు. మొదటి పది నిమిషాలు దేనికన్నది ఎవరిది వాళ్లే నింపుకోవాలి. సాయిశ్రీ తన గడిలో "తాళం" అని రాసుకుంది. కార్డ్‌లు మార్చడం రెండు నెలలు పూర్తిగా మానేసి, టిక్ టిక్‌తో కాలు తాటిస్తూ, ఒక్క కార్డ్ మీదే కూర్చుంది. అంత విసుగు పుట్టించే పని జన్మలో చెయ్యలేదని చెబుతుంది. కానీ మూడో నెలలో ఆమె వాయిస్తుంటే నాగమల్లేశ్వరి బియ్యం చెరుగుతూ చేట ఆడించడం తాళానికి కలిసింది. ఆ సంగతి ముగ్గురూ ఒకేసారి గమనించారు, ఎవరూ ఏమీ అనలేదు, చేట ఆగుతుందేమోనని.

కాయితం అంతోనికి చూపిస్తే, చదివి, ఒక్కటి తక్కువైందన్నాడు.

"సొంతంగా నేర్చుకునేవాడికి గురువు లేకపోయినా పర్లేదండీ, వినేవాడు కావాలి. పదిహేను రోజులకొకసారి ఎవరో ఒకరి ముందు వాయించాలని రాయండి. తప్పులతో సహా."

కోటేశ్వరరావుకు షామియానా గుర్తొచ్చింది. అయినా రాశాడు. అలా నెలకు రెండు ఆదివారాలు లాకు దగ్గర కూర్చోవడం మొదలైంది. చర్చి అయ్యాక అంతోని వస్తాడు. సాయిశ్రీ వస్తుంది. కాయితం జిరాక్సుల మీద జిరాక్సులై, ఫోన్లలో ఫొటోలై, ఎవరెవరి దగ్గరికో వెళ్లింది. తోట్లవల్లూరు నుంచి ఒక టీచరు, గుడివాడ నుంచి మందుల షాపు ఆయన వచ్చారు. కొందరు రెండుసార్లు వచ్చి మానేశారు. ఒకాయన నెలరోజులకే విసిగి, ఇంత లెక్కలైతే ఇంకెందుకు సంగీతం అని దెబ్బలాడి వెళ్లాడు. ఆ మాట కోటేశ్వరరావును బాధపెట్టింది. అందుకే ఆఖరి ఏడు నిమిషాలను పదిహేను చేశాడు.

ఇప్పుడాయనకు యాభై రెండేళ్లు. మొత్తంగా వాయించగలిగిన పాటలు తొమ్మిది. గొప్ప వాద్యగాడేమీ కాదు, ఆయనా అనుకోడు. ఈ మధ్య వేళ్లతో తీగలు విడివిడిగా మీటడం పట్టుకున్నాడు. ఉంగరపువేలు మాట వినడం లేదు. ఆయన కాయితంలో మొదటి గడి దానిదే.

పోయిన ఆదివారం కైకలూరు నుంచి మణికుమార్ అనే అతను కొత్తగా వచ్చాడు. చేపల లారీల మీద సూపర్‌వైజరు. ఐసు నింపేదాకా లారీ క్యాబిన్లో కూర్చుని గిటారు నేర్చుకుంటున్నాడట. వస్తూనే చేతులు కట్టుకుని నిలబడి, "గురువుగారు ఎవరండీ ఇక్కడ?" అని అడిగాడు. "ఇక్కడ అట్టాంటివాళ్లెవరూ లేరు బాబూ, కూర్చో" అంది నాగమల్లేశ్వరి, పీట జరిపి.

అతను జేబులోంచి నాలుగు మడతల కాయితం తీసి కోటేశ్వరరావుకు ఇచ్చాడు. మొదటి వారం లెక్క. ఇస్తూ చేతులు నలుపుకుంటున్నాడు. "ఏం బాగోలేదండీ. చూసి తిట్టొద్దు."

కోటేశ్వరరావు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. సోమవారం, వాయించలేదు. మంగళవారం, ఇరవై నిమిషాలు, వచ్చిందే వాయించాను. బుధవారం, తీగ తెగింది, కొత్తది వేయడం రాక కూర్చున్నాను. గురువారం, అయిదు నిమిషాలు, కోపమొచ్చి ఆపేశాను. శుక్రవారం, వీడియోలు గంట. శనివారం, వాయించలేదు, వాయించానని రాసి కొట్టేశాను.

ఆ కొట్టివేత దగ్గర ఆయన వేలు ఆగింది. కాయితాన్ని సాయిశ్రీకి అందించాడు, ఆమె అంతోనికి అందించింది. మణికుమార్ తల ఇంకా వంచుకునే ఉన్నాడు.

"మంచి కాయితం తెచ్చావయ్యా" అన్నాడు కోటేశ్వరరావు. "నా మొదటి కాయితం కంటే నయం. ఊఁ, గిటారు తియ్యి. ముందు తీగ వెయ్యడం చూపిస్తాడు అంతోని. ఆ తర్వాత, కోపమొచ్చిన చోటు ఏదో అది వాయించు. మేము వింటాం."